వారంట్ చదివి వినిపించండి

1907 డిసెంబర్ 27, శుక్రవారం. జోహానెస్‌బర్గ్‌లో క్రిస్మస్ వారం ఇంకా ముగియలేదు. న్యాయవాది మోహన్‌దాస్ కరంచంద్ గాంధీకి ఫోన్ వచ్చింది. అవతల ఉన్నది దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ వలస రాజ్యపు తాత్కాలిక పోలీసు కమిషనర్ పాపెన్‌ఫస్. ఒకసారి వచ్చి కలవమని కబురు.

గాంధీకి అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్లు. కమిషనర్ కూర్చునే మార్ల్‌బరో హౌస్‌కు వెళ్లారు. కమిషనర్ విషయం దాచలేదు. మిమ్మల్నీ, మీతోపాటు మరికొందరినీ అరెస్టు చేయమని ఉత్తర్వులు వచ్చాయని చెప్పి, ఎవరెవరి పేర్లున్నాయో కూడా తెలియజేశాడు. జోహానెస్‌బర్గ్ వాళ్లున్నారు, ప్రిటోరియా వాళ్లున్నారు. భారతీయులే కాదు, అక్కడి చైనీయుల నాయకుడు లియుంగ్ క్విన్ పేరూ ఉంది.

అంతమందిని పట్టుకోవాలంటే మామూలుగా ఏం జరుగుతుంది? రాత్రికి రాత్రి తలుపులు బాదుతారు. ఆడవాళ్లు, పిల్లలు నిద్రలేచి ఏడుస్తుంటే మగవాణ్ణి ఉన్నపళంగా లాక్కుపోతారు. వీధి వీధంతా కిటికీల్లోంచి చూస్తుంది. ఆ రాత్రి జోహానెస్‌బర్గ్‌లో అదేమీ జరగలేదు. రేపు ఉదయం పది గంటలకు అందరం ఎవరి మేజిస్ట్రేట్ ముందు వాళ్లం హాజరవుతామని గాంధీ మాటిచ్చారు. కమిషనర్ ఆ మాట నమ్మాడు. జామీను అడగలేదు, కాగితం మీద సంతకం అడగలేదు. ఒక మనిషి నోటిమాట మీద అందరినీ ఆ రాత్రి వాళ్ల ఇళ్లలో పడుకోనిచ్చాడు.

ఇంతకీ వీళ్లు చేసిన నేరం ఏమిటి? ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం 1907లో ఒక చట్టం తెచ్చింది. అక్కడున్న ఆసియా వాళ్లు పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, పోలీసు ఎక్కడ ఆపి అడిగితే అక్కడ సర్టిఫికెట్ తీసి చూపాలి. దొంగల దగ్గర తీసుకున్నట్టు మా దగ్గర వేలిముద్రలు తీసుకుంటారా అని భారతీయులు భగ్గుమన్నారు. అంతకు ముందే, 1906 సెప్టెంబర్ 11న ఎంపైర్ థియేటర్‌లో వేలాదిమంది చేరి, ఇలాంటి చట్టం వస్తే లొంగేది లేదని దేవుడి సాక్షిగా ప్రమాణం చేసి ఉన్నారు. 1907 నవంబర్ 30తో గడువు ముగిసింది. నమోదు చేయించుకున్నవాళ్లు చాలా కొద్దిమంది. ఇక అరెస్టులు తప్పవని అందరికీ తెలుసు. తెలియనిదల్లా అవి ఏ రూపంలో వస్తాయన్నదే.

కమిషనర్ చెప్పిన పేర్లలో తంబి నాయుడు పేరుంది. మన పాఠ్యపుస్తకాల్లో కనిపించని ఈ మనిషి గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. మారిషస్‌లో పుట్టిన చిన్న వర్తకుడు. తల్లిదండ్రులు మద్రాసు వైపు నుంచి పొట్టచేతబట్టుకుని వెళ్లినవాళ్లు. బడి చదువు లేదు. ఇంగ్లీషు, తమిళం, హిందుస్థానీ, క్రియోల్ మాట్లాడేవాడు. తెలుగు కూడా కొంత వచ్చు, అక్షరాలు మాత్రం రావు. ఇది గాంధీ స్వయంగా రాసిన సంగతి. రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర పికెటింగ్ చేసే దళాలకు అతనే నాయకుడు. వారంట్ ఉందని తెలిసీ ఆ రాత్రి పారిపోయే ఆలోచన చేయని మనుషుల్లో ఒకడు.

శనివారం పొద్దున పది గంటలకు అన్నమాట ప్రకారం అందరూ కోర్టులో ఉన్నారు. మేజిస్ట్రేట్ జోర్డాన్. నల్లకోటు వేసుకుని తాను వాదించే కోర్టులోనే గాంధీ ముద్దాయిల బోనులో నిలబడ్డారు. రిజిస్ట్రేషన్ చేయించుకోలేదని ఒప్పుకున్నారు. దేశం విడిచి వెళ్లడానికి ఎంత గడువివ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నలభై ఎనిమిది గంటలు చాలన్నారు. అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిదన్నారు! మేజిస్ట్రేట్ నలభై ఎనిమిది గంటలే ఇచ్చాడు. గడువు దాటింది. గాంధీ కదల్లేదు. 1908 జనవరి 10న మళ్లీ అదే కోర్టుకు పిలిచారు. ప్రిటోరియాలో తన సహచరులకు మూడు నెలల కఠిన శిక్ష పడిందనీ, వాళ్లు నేరస్తులైతే తాను అంతకన్నా పెద్ద నేరస్తుణ్ణనీ, కాబట్టి చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్ష తనకు వేయమనీ అడిగారు. జోర్డాన్ రెండు నెలల సాధారణ జైలు వేశాడు.

తీర్పు అయ్యాక ఆయన్ని ఖైదీల కోసం ఉంచిన ఒక బెంచీ మీద కూర్చోబెట్టి తలుపు మూసేశారు. బయట జనం. లోపల ఆయన ఒక్కరే. ఇల్లు, వకాల్తు, సభలు అన్నీ ఒక్క క్షణంలో కలలా జారిపోయినట్టు అనిపించిందనీ, మనసు కలవరపడిందనీ గాంధీ తర్వాత రాసుకున్నారు. ఆ కలవరం చూసి తనకే సిగ్గేసిందట. ముందే ఫోన్లో చెప్పినా, నెలల ముందు నుంచీ మనసు సిద్ధం చేసుకున్నా, తలుపు మూసిన చప్పుడు వినగానే గాంధీ అంతటి మనిషి గుండె కూడా ఒక్కసారి జల్లుమంది. ఏమీ తెలియకుండా నిద్రలోంచి లేచి పోలీసుల్ని చూసే కూలీ మనిషి సంగతి ఏమిటో మనం ఊహించుకోవాలి.

జనవరి నెలాఖరుకు ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం తరఫున జనరల్ స్మట్స్ రాజీకి దిగాడు. జైల్లోంచి వెళ్లిన రాజీ లేఖ మీద మూడు సంతకాలున్నాయి. గాంధీ, లియుంగ్ క్విన్, తంబి నాయుడు. డిసెంబర్ 27న కమిషనర్ నమ్మి వదిలిన మనుషులే వాళ్లు. ఆ రాజీ తర్వాత చెడిపోయింది, అది వేరే కథ. అరెస్టు సంగతి ముందుగా చెప్పినందువల్ల ప్రభుత్వానికి ఒక్క ముద్దాయీ తప్పిపోలేదు. ఒక్క బేడీ వాడాల్సిన అవసరమూ రాలేదు.

పద్నాలుగేళ్ల తర్వాత సబర్మతిలోనూ ఇలాంటి పద్ధతే కనబడింది. 1922 మార్చి 10 రాత్రి అహ్మదాబాద్ పోలీసు సూపరింటెండెంట్ హీలీ కారులో వచ్చాడు. ఆశ్రమం లోపలికి రాలేదు. కారు దూరంగా రోడ్డు మీదే ఆపి, మీరు అరెస్టయినట్టే, తీరిగ్గా సిద్ధమై రండి అని కబురు పంపాడు. ఆశ్రమవాసులు భజన పాడారు. గాంధీ వీడ్కోలు చెప్పి తానే నడిచి వెళ్లి కారెక్కారు. కస్తూరిబా జైలు దాకా తోడు వెళ్లింది. రాజద్రోహం కేసు, సెక్షన్ 124ఎ. ‘యంగ్ ఇండియా’లో రాసిన మూడు వ్యాసాలు నేరం. మార్చి 18న జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ ముందు బహిరంగ విచారణ జరిగింది, ఆరేళ్ల శిక్ష పడింది. ఆ విచారణలో గాంధీ చదివిన ప్రకటన దేశమంతా పాకింది. నేరం ఫలానా అని చెప్పి, కోర్టులో నిలబెట్టి, మాట్లాడనిస్తే ఏమవుతుందో ఆంగ్లేయ ప్రభుత్వానికి ఆ రోజు తెలిసొచ్చిందని నా నమ్మకం. ఎందుకంటే ఎనిమిదేళ్ల తర్వాత అదే ప్రభుత్వం ఆ మూడూ చేయలేదు.

1930 మే 4. గుజరాత్ సముద్రతీరాన, దండికి దగ్గర్లో కరాడి అనే పల్లె. ఏప్రిల్ 6న దండిలో ఉప్పు తీశాక గాంధీ మకాం ఇక్కడికి మార్చారు. పాత మామిడిచెట్టు కింద ఆకులతో వేసిన పాక. ధరాసనలోని ఉప్పు కొఠార్ల మీదికి సత్యాగ్రహులతో వెళ్లబోతున్నానని వైస్రాయ్ ఇర్విన్‌కు లేఖ సిద్ధం చేశారు. అంటే తాను చేయబోయేది ఫలానా అని ప్రభుత్వానికి ముందే చెప్పడం గాంధీ పద్ధతి. ఉప్పు యాత్రకు ముందూ అలాగే రాశారు. ప్రభుత్వం మాత్రం తాను చేయబోయేది ఆయనకు చెప్పలేదు.

అర్ధరాత్రి దాటి ముప్పావు గంటయింది. చెట్ల కింద ఆశ్రమవాసులు అక్కడొకరు ఇక్కడొకరు పడుకుని ఉన్నారు. బూట్ల చప్పుడు. తుపాకులు పట్టుకున్న ముప్ఫై మంది పోలీసులు, ఇద్దరు పోలీసు అధికారులు, వాళ్లతో సూరత్ జిల్లా మేజిస్ట్రేట్ అయిన ఇంగ్లీషు దొర. పాకను చుట్టుముట్టారు. మంచం మీద నిద్రపోతున్న అరవయ్యేళ్ల మనిషి ముఖం మీద టార్చి వెలుతురు పడింది.

గాంధీ కళ్లు తెరిచారు. నాకోసమేనా అని అడిగారు. మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ మీరేనా అని మేజిస్ట్రేట్ అడిగాడు. ఆ రోజుల్లో ప్రపంచమంతా పత్రికల్లో ఫొటో చూసి గుర్తుపట్టే మనిషిని ఆ ప్రశ్న అడగడం వింతగా ఉంటుంది గానీ, చట్టం ప్రకారం అది సరైన ప్రశ్నే. పేరు సరిచూసుకోకుండా మనిషిని తీసుకెళ్లకూడదు. అవునన్నారు గాంధీ. ముఖం కడుక్కోవడానికి కాస్త సమయం అడిగారు. మేజిస్ట్రేట్ సరేనన్నాడు. నోట్లో మిగిలిన కొద్దిపాటి పళ్లు ఆయన నింపాదిగా తోముకుంటుంటే, ఎదురుగా ఆ దొర చేతిలో గడియారం పట్టుకుని నిలబడ్డాడు. ఇంతలో ఆశ్రమవాసులంతా లేచి చుట్టూ చేరారు.

అప్పుడు గాంధీ అసలు ప్రశ్న వేశారు. నన్ను ఏ నేరం కింద అరెస్టు చేస్తున్నారో తెలుసుకోవచ్చా? సెక్షన్ 124 కిందేనా?

కాదు, తన దగ్గర రాతపూర్వకమైన ఉత్తర్వు ఉందన్నాడు మేజిస్ట్రేట్.

అభ్యంతరం లేకపోతే అది చదివి వినిపిస్తారా అని గాంధీ అడిగారు.

ముప్ఫై తుపాకుల మధ్య, చీకట్లో, కొల్లాయి గుడ్డతో నిలబడిన మనిషి చదివి వినిపించండి అంటే మేజిస్ట్రేట్ కాదనలేకపోయాడు. చదివాడు. మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ కార్యకలాపాలు గవర్నర్ ఇన్ కౌన్సిల్‌కు ఆందోళన కలిగిస్తున్నాయి కాబట్టి, 1827 నాటి 25వ రెగ్యులేషన్ కింద ఆయన్ని నిర్బంధించాలి, ప్రభుత్వానికి ఇష్టమున్నంత కాలం జైల్లో ఉంచాలి, వెంటనే ఎరవాడ సెంట్రల్ జైలుకు తరలించాలి. స్థూలంగా అంతే.

అందులో నేరం పేరు లేదు. ఏ కోర్టుకు తీసుకెళతారో లేదు. ఎన్నాళ్లో లేదు. ఈస్టిండియా కంపెనీ కాలంలో బొంబాయిలో చేసిన రెగ్యులేషన్ అది. విచారణ అక్కర్లేకుండా, రాజ్యానికి అవసరమనిపిస్తే చాలు, మనిషిని లోపల పెట్టేయడానికి పనికొచ్చేది. నూట మూడేళ్ల పాత కాగితం తవ్వి తీశారు. గాంధీకి అది తెలియజెప్పే ఉద్దేశం వచ్చినవాళ్లకు ఉన్నట్టు లేదు. ఆయన అడగబట్టి చదివారు. చదవబట్టి, అందులో నేరమేమీ లేదన్న సంగతి అక్కడ నిలబడ్డ ప్రతి ఆశ్రమవాసికీ తెలిసింది, పొద్దెక్కేసరికి దేశానికి తెలిసింది. వారంట్ వినిపించమనడం ముద్దాయి కోసం మాత్రమే అనుకుంటాం. నలుగురి ముందు చదివితే అది ప్రభుత్వం తన చర్యకు తాను సంజాయిషీ చెప్పుకోవడం కూడా. సంజాయిషీలో పస లేకపోతే అప్పటికప్పుడే బయటపడుతుంది.

చదవడం అయ్యాక గాంధీ థ్యాంక్స్ చెప్పారు. ఆశ్రమ గాయకుడు పండిట్ ఖరేను భజన పాడమన్నారు. పాడినంతసేపూ తలవంచుకుని నిలబడ్డారు. ఒక్కొక్కరూ వచ్చి పాదాలకు దణ్ణం పెట్టారు. ఒంటిగంటా పది నిమిషాలకు లారీ కదిలింది. మొత్తం పాతిక నిమిషాలు.

లారీలోంచి రైలుకు, రైల్లోంచి తెల్లవారాక బొంబాయి దగ్గర బోరివలిలో దింపి, తెరలు దించిన కారులో పుణె దగ్గరి ఎరవాడకు. బోరివలిలో ఆయన్ని దించడం చూసినవాళ్లలో లండన్ ‘డైలీ టెలిగ్రాఫ్’ విలేకరి ఆష్‌మీడ్ బార్ట్‌లెట్ ఉన్నాడు. దాచిపెట్టి చేసిన పనికి ఇంగ్లండ్ పత్రికే సాక్షిగా నిలిచింది. ధరాసన ఆగలేదు. బరోడా రాజ్యంలో జడ్జిగా చేసి రిటైరైన అబ్బాస్ త్యాబ్జీ నాయకత్వం తీసుకుంటే ఆయన్నీ పట్టుకున్నారు. తర్వాత మన హైదరాబాద్ బిడ్డ సరోజినీ నాయుడు ముందుకొచ్చింది. మే 21న ధరాసనలో సత్యాగ్రహుల తలలు పగులుతుంటే అమెరికన్ విలేకరి వెబ్ మిల్లర్ కళ్లారా చూసి రాశాడు. గాంధీ 1931 జనవరి 26న గానీ బయటికి రాలేదు. అన్ని నెలల్లో ఒక్క కోర్టూ ఆయన నేరమేమిటని అడగలేదు.

1932 జనవరి 4న బొంబాయి మణిభవన్‌లో తెల్లవారుజామున మళ్లీ అదే జరిగింది. ఆ రోజు సోమవారం, ఆయన మౌనవ్రతం. పోలీసు కమిషనర్ అరెస్టు చేయడానికి వచ్చానని చెబితే, అరగంటలో సిద్ధమవుతానని చిన్న కాగితం మీద రాసిచ్చారు.

1942 ఆగస్టు 9 తెల్లవారుజాము మాత్రం ఆగి చూడదగ్గది. బొంబాయి బిర్లా హౌస్‌కు పోలీసులు తెచ్చిన వారంట్లు మూడు. గాంధీకి, ఆయన కార్యదర్శి మహదేవ్ దేశాయ్‌కి, శిష్యురాలు మీరాబెన్‌కు. కస్తూరిబా పేరు మీద వారంట్ లేదు. కావాలంటే మీరూ రావచ్చన్నారు. భర్త వెంట జైలుకు వెళ్లే అవకాశం గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వెళ్లలేదు. సాయంత్రం శివాజీ పార్కులో గాంధీ మాట్లాడాల్సిన సభ ఉంది, అక్కడ నేను మాట్లాడతానంది. డెబ్భై మూడేళ్ల ముసలామె. అలా అన్నందుకు ఆమెనూ అరెస్టు చేశారు. వాళ్లను నిర్బంధించిన ఆగాఖాన్ ప్యాలెస్‌లో మహదేవ్ వారం తిరక్కుండానే, ఆగస్టు 15న పోయాడు. కస్తూరిబా 1944 ఫిబ్రవరి 22న అక్కడే కన్నుమూసింది. పొద్దున తన పేరు మీద కాగితమే లేని మనిషి ప్రాణాలతో తిరిగి రాలేదు.

ఇవన్నీ గొప్పవాళ్ల కథలు, మనకేంటి అనుకోవద్దు. కరాడిలో గాంధీ అడిగిన మాట అప్పటికే ఆంగ్లేయుల సొంత చట్టంలో ఉంది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్. వారంట్ అమలు చేసే పోలీసు అందులోని సారాంశాన్ని అరెస్టయ్యే మనిషికి తెలియజేయాలి, అడిగితే వారంట్ చూపించాలి. 1973 కోడ్‌లో అది 75వ సెక్షన్ అయింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 77వ సెక్షన్. కోడ్ మారింది, అంకె మారింది, ఆ నియమం మారలేదు. వారంట్ లేకుండా అరెస్టు చేసినా కారణాలు చెప్పి తీరాలని రాజ్యాంగం 22వ అధికరణం అంటుంది. ఈడీ అరెస్టుల విషయంలో ఆ కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2023లో పంకజ్ బన్సల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబర్‌లో మిహిర్ షా కేసులో దాన్ని అన్ని నేరాలకూ వర్తింపజేస్తూ, అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలని తేల్చింది. అంటే తెలుగు తప్ప రాని మనిషికి తెలుగులో.

మన కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లకు ఈ బాధ తెలుసు. ఎప్పుడో ఊళ్లో జరిగిన కొట్లాట కేసు. వాయిదాలకు తిరిగి తిరిగి విసిగి, ముద్దాయి పొట్టకూటికి వేరే ఊరికి వలసపోతాడు. పాత అడ్రసుకు సమన్లు వెళతాయి, తిరిగొస్తాయి. కోర్టు నాన్‌బెయిలబుల్ వారంట్ జారీ చేస్తుంది. తన మీద వారంట్ ఉందన్న సంగతి పండక్కి ఊరొచ్చినప్పుడు పోలీసు గుమ్మంలో నిలబడితే గానీ తెలియదు. పిల్లల ముందు, వియ్యాలవారి ముందు. ఆ మనిషి పారిపోలేదు, అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. ముందుగా ఒక్క ఫోన్ చేసి ఫలానా తేదీకి కోర్టుకు రా అంటే వచ్చేవాళ్లు ఎందరో ఉంటారు. 1907లో ఒక పరాయి పోలీసు కమిషనర్ మనవాళ్లను నమ్మి చేసిన పని, మన పోలీసులు మనవాళ్లకు చేయలేరా? ఊళ్లు తగలబెట్టే నేరస్తుల సంగతి కాదు నేనంటున్నది. వాయిదా తప్పిన మామూలు మనుషుల సంగతి.

ఫోన్ అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. మీ మీద వారంట్ ఉంది, వీడియో కాల్ ఆపొద్దు, డబ్బు బదిలీ చేస్తే వదిలేస్తాం అని ఎవరైనా బెదిరిస్తే అది దోపిడీ. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఫోన్ పెట్టేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

నిజమైన పోలీసు నిజమైన వారంట్‌తో వస్తే భయపడొద్దు, ఎదురు తిరగొద్దు. చూపించమని మర్యాదగా అడగండి. పేరు మీదేనా, కేసు నంబరు ఏమిటి, ఏ కోర్టు, న్యాయాధికారి సంతకం, కోర్టు ముద్ర ఉన్నాయా చూడండి. జామీనిస్తే వదిలేయమని కోర్టు దాని మీదే రాసి ఉంటే, పూచీ ఇచ్చాక పోలీసులు వదిలేయాల్సిందే. తీసుకెళితే, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా కోర్టులో హాజరుపరచాలి. పాత కేసు ఏదైనా ఉందన్న అనుమానముంటే ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో పేరుతో వెతికి చూసుకోవచ్చు. వారంట్ జారీ అయి ఉంటే, అది పోలీసు గుమ్మం ఎక్కే లోపే మీరే లాయరుతో వెళ్లి రీకాల్ పిటిషన్ వేసుకోవచ్చు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. అర్హులకు అక్కడ లాయరును ఉచితంగా ఇస్తారు.